రక్తంలో ఇన్‌ఫెక్షన్: 7 రోజులకే ఇంజెక్షన్లు ఆపేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. పేగుకు రంధ్రం పడితే ఆపరేషన్ చేసి ఐసీయూలో ఉంచారు. మెడ దగ్గర పెద్ద సిరలోకి మందులు ఎక్కించే పైపు (సెంట్రల్ లైన్) వేశారు. ఆరో రోజు చలితో జ్వరం వచ్చింది. రక్తం కల్చర్‌లో (రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో) క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందన్నారు. లైన్ తీసేసి, యాంటీబయాటిక్ మార్చారు. నాలుగు రోజులుగా జ్వరం లేదు. 7 రోజులు పూర్తికాగానే ఇంజెక్షన్లు ఆపేస్తామంటున్నారు. రెండు వారాలు వాడాల్సిందేనని బంధువులు పట్టుబడుతున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఆసుపత్రిలో ఉండగా ఈ ఇన్‌ఫెక్షన్ ఎలా వచ్చింది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సలహా: మీరు రాసినదాన్ని బట్టి మీ డాక్టర్ల నిర్ణయం సబబుగానే ఉంది. డబ్బు మిగల్చడానికో, బెడ్ ఖాళీ చేయించడానికో ఇలా అంటున్నారని అనుకోవద్దు.

రెండు వారాలు అనేది చాలా ఏళ్లుగా అలవాటుగా వస్తున్న లెక్క. దాన్ని ‘బ్యాలెన్స్’ అనే పెద్ద అధ్యయనంలో పరీక్షించి చూశారు. 2024 నవంబర్‌లో ఫలితాలు వచ్చాయి. 7 దేశాల్లోని 74 ఆసుపత్రుల్లో, రక్తంలో బ్యాక్టీరియా ఉన్న 3,608 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 7 రోజులు, మరో గుంపుకు 14 రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. సగానికి పైగా ఐసీయూ రోగులే. 90 రోజుల్లో చనిపోయినవారు 7 రోజుల గుంపులో 14.5 శాతం, 14 రోజుల గుంపులో 16.1 శాతం. అంటే తక్కువ రోజులు వాడినందువల్ల నష్టమేమీ జరగలేదు. ఎక్కువ రోజులు వాడితే మాత్రం విరేచనాలు, కిడ్నీలపై భారం, మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడం వంటి ఇబ్బందులు ఉంటాయి.

అయితే ఇది అందరికీ వర్తించదు. స్టాఫిలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉన్నవారిని, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. గుండె కవాటాలకు, ఎముకలకు ఇన్‌ఫెక్షన్ పాకినా, లోపల చీము మిగిలి ఉన్నా ఎక్కువ రోజులు వాడాల్సిందే. నాన్నగారికి పేగు ఆపరేషన్ అయింది కాబట్టి, కడుపులో చీము ఏమైనా ఉందా, స్కాన్ అవసరమా అని తప్పకుండా అడగండి. ఆ 7 దేశాల్లో మన దేశం లేదు. మన ఐసీయూల్లో మందులకు లొంగని క్లెబ్సియెల్లా ఎక్కువ. అందుకే కల్చర్ రిపోర్టును డాక్టర్‌తో కలిసి చూడండి. ఇప్పుడు వాడుతున్న మందు ఎదురుగా ‘సెన్సిటివ్’ (ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందని అర్థం) అని ఉందో లేదో గమనించండి. 7 రోజుల లెక్క మొదలయ్యేది కూడా ఆ బ్యాక్టీరియాపై పనిచేసే మందు మొదలుపెట్టిన రోజు నుంచే. మొదట వాడిన మందు పనిచేయకపోతే ఆ రోజులు లెక్కలోకి రావు.

నా దృష్టిలో ఎన్ని రోజులు అన్నదానికన్నా ఏ మందు అన్నదే పెద్ద ప్రశ్న. 2018లో వచ్చిన ‘మెరినో’ అధ్యయనంలో, సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఇ.కోలై, క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్నవారికి రెండు మందుల్లో ఒకటి ఇచ్చారు. నెలలోపు మరణాలు మెరోపెనెమ్ తీసుకున్నవారిలో 3.7 శాతం ఉంటే, పిపెరసిలిన్-టాజోబాక్టమ్ తీసుకున్నవారిలో 12.3 శాతం. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే కల్చర్‌కు రక్తం తీయాలని మేం పట్టుబట్టేది అందుకే. ముందే మందు పడితే కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. అప్పుడు సరైన మందును ఎంచుకోవడం కష్టమవుతుంది.

ఇక ఎలా వచ్చిందంటారా, సెంట్రల్ లైన్ చివర గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది. చర్మం మీది బ్యాక్టీరియా, లేదా మందు ఎక్కించే చోట చేతుల ద్వారా అంటుకున్న బ్యాక్టీరియా ఆ పైపు వెంబడి నేరుగా రక్తంలోకి చేరుతుంది. పేగు రంధ్రం నుంచి కూడా వచ్చి ఉండవచ్చు. ఏది కారణమో ఒక్కోసారి తేల్చడం కష్టం.

లైన్ వల్ల వచ్చేవాటిని మాత్రం చాలావరకు ఆపవచ్చు. అమెరికాలోని మిషిగన్ ఐసీయూల్లో ఐదు పనులు పక్కాగా అమలుచేశారు. చేతులు కడుక్కోవడం, లైన్ వేసేటప్పుడు రోగిని పూర్తిగా స్టెరైల్ గుడ్డతో కప్పి డాక్టర్ గౌను, మాస్కు, గ్లవ్స్ వేసుకోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో శుభ్రం చేయడం, వీలైనంతవరకు గజ్జల్లో లైన్ వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వెయ్యి లైన్-రోజులకు (ఒక రోగికి ఒక రోజు లైన్ ఉంటే ఒక లైన్-రోజు) సగటున 7.7గా ఉన్న ఇన్‌ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు తగ్గాయి. మన దేశంలో 26 ఆసుపత్రుల్లోని 89 ఐసీయూలపై 2017-18లో జరిపిన పరిశీలనలో ఇదే లెక్క 8.83. ఇది తగ్గించలేనిది కాదు, తగ్గించి తీరాలి.

ఇప్పటికీ నాన్నగారికి యూరిన్ పైపు గానీ, చేతికి మందులెక్కించే సన్న పైపు (క్యాన్యులా) గానీ ఉంటే “ఇది ఇంకా అవసరమా అండీ?” అని రోజూ రౌండ్స్‌లో అడగండి. తాకేముందు చేతులు శుభ్రం చేసుకున్నారా అని అడగడానికి మొహమాటపడొద్దు. మీరూ బెడ్ దగ్గరికి వెళ్లేముందు శానిటైజర్ రాసుకోండి. షుగర్ అదుపులో ఉంచండి. ఇంజెక్షన్లు ఆపాక మళ్లీ చలిజ్వరం, ఆయాసం, మూత్రం తగ్గడం, మనిషి మగతగా ఉండటం, మాట తికమకపడటం, కడుపునొప్పి పెరగడం వంటివి కనిపిస్తే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయకుండా, కల్చర్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.