షాడోస్ ఆఫ్ ది డామ్న్డ్ గేమ్‌లో భయం ఎక్కువా, బూతు జోకులు ఎక్కువా? తమ్ముడితో కలిసి ఆడొచ్చా?

మీరు మూడు అడిగారు. భయం ఎక్కువా నవ్వు ఎక్కువా, 2011 నాటి గేమ్ ఇప్పుడు కొనొచ్చా, 14 ఏళ్ల తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆడొచ్చా అని. చివరిదానికి ముందే చెప్పేస్తా: వద్దు. అమెరికాలో దీనికి మెచ్యూర్ రేటింగ్ (17 ఏళ్లు, ఆపైన వాళ్లకే), యూరప్‌లో 18. ఊరికే ఇచ్చింది కాదు. మిగతా రెండూ నాకు ప్రాణమైన సంగతులు, కాస్త తీరిగ్గా చెప్తాను.

నేను దీన్ని మొదట ఆడింది 2013 ఎండాకాలంలో, అనంతపురంలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు. క్లాక్ టవర్‌కు దగ్గర్లో ఒక సందులో, మేడ మీద గేమ్ సెంటర్ ఉండేది. మూడు టీవీలు, గంటకు 30 రూపాయలు. వచ్చినవాళ్లంతా క్రికెట్, ఫుట్‌బాల్ గేములకే ఎగబడేవాళ్లు. ఈ డిస్కు అడుగున పడి ఉండేది. నేను బయటికి తీస్తే అంగడి అన్న, "ఆడుకో అబ్బీ, సౌండు మాత్రం తగ్గించుకో. కింద ఇంట్లో ఆడోళ్లు ఉండారు" అన్నాడు. రెండు నిమిషాలకే ఆయన ఎందుకు అన్నాడో తెలిసిపోయింది. ఇందులో తుపాకి పేరు దగ్గర్నుంచి అన్నీ బూతులే.

కథ చిన్నది. గార్సియా హాట్‌స్పర్ అని దయ్యాలను వేటాడే మెక్సికన్. వాడి ప్రియురాలు పౌలాను దయ్యాల రాజు ఫ్లెమింగ్ ఎత్తుకుపోతాడు. గార్సియా ఆమె కోసం పాతాళానికి దిగుతాడు. తోడు ఒక పుర్రె, పేరు జాన్సన్. అదే కాగడా, అదే తుపాకి, అవసరమైతే అదే మోటార్ సైకిల్. నోరు మూయదు. ఎంత ఘోరమైన చోటికి వెళ్లినా ఏదో ఒక పచ్చి మాట అంటూనే ఉంటుంది.

నన్ను పట్టేసింది ఇందులోని చీకటి. మామూలు హారర్ గేముల్లో చీకటంటే కళ్లకు కనపడకపోవడమే కదా. ఇక్కడ అది ఒక పదార్థం, నీలి రంగు పొగలా వచ్చి గదంతా కమ్మేస్తుంది. అందులో ఎక్కువసేపు నిలబడితే ప్రాణం కరిగిపోతూ ఉంటుంది. దయ్యాల ఒంటికి అదే చీకటి పట్టి ఉంటే ఎన్ని గుళ్లు కాల్చినా దిగవు. ముందు జాన్సన్‌తో వెలుగు గుండు కొట్టి ఆ పొర ఊడగొట్టాలి, అప్పుడు అసలు గుండు. గది మొత్తం తేటపడాలంటే గోడకు బిగించిన మేక తలను వెతికి, దానికి వెలుగు గుండు తగిలించాలి. తల దీపంలా వెలుగుతుంది, చీకటి వెనక్కి పోతుంది. ఇంకా పై మెలిక ఏమంటే, కొన్ని దయ్యాల ఆయువుపట్టు చీకట్లోనే కనపడుతుంది. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, వీటి ప్రాణం ఆ చీకట్లో ఉంటుంది. అంటే చావుకు భయపడి బయటే నిలబడితే పని జరగదు. లెక్క చూసుకుని లోపలికి దూకాలి, కొట్టాలి, పరుగెత్తుకొచ్చి దీపం వెలిగించుకోవాలి.

అది కరెంటు కోతల కాలం. ఒకరోజు అలాంటి గదిలోనే ఉన్నా. ప్రాణం సగం పోయింది, మేక తల ఎక్కడుందో తెలియడం లేదు, గార్సియాను గోడ వెంబడి నడిపిస్తున్నా. టక్కున కరెంటు పోయింది. కిటికీలకు నల్ల కాగితం అంటించిన గది, పట్టపగలే కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. వెనక టీవీ దగ్గరి పిల్లోడు "అన్నా" అని నా చొక్కా పట్టుకున్నాడు. అరగంట ఆట పోయింది, మళ్లీ మొదట్నుంచి ఆడాల్సి వచ్చింది. ఏ హారర్ గేమూ నన్ను అంతగా భయపెట్టలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. భయమూ బూతూ ఒకదాన్నొకటి చెడగొట్టుకోవా అని. నాకు ఈ సందేహం రాలేదు, ఎందుకంటే నేను తోలుబొమ్మలాట చూసి పెరిగినోణ్ణి. మాది ధర్మవరం పక్కన పల్లె. నిమ్మలకుంట నుంచి బొమ్మలాట వాళ్లు వచ్చేవాళ్లు. బొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆ ఊరే. ఇప్పుడు సత్యసాయి జిల్లాలో ఉంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా జేజి ఒళ్లో కూర్చుని మైరావణ చరిత్ర చూశాను. రామలక్ష్మణులను మైరావణుడు పాతాళానికి ఎత్తుకుపోతాడు, హనుమంతుడు వెతుక్కుంటూ దిగుతాడు. తెల్లగుడ్డ వెనక దీపం, మేక తోలు బొమ్మలు ఎర్రగా వెలుగుతుంటాయి. బొమ్మలాడించేవాళ్ల కాళ్ల కింద చెక్కలు టకటకలాడుతుంటే గుండె అదిరేది. నాకు ఏడుపు వచ్చేటప్పటికి బంగారక్క, కేతిగాడు దిగేవాళ్లు. వాళ్ల మాటలన్నీ పచ్చి బూతులే. ఊరు ఊరంతా పగలబడి నవ్వేది, జేజితో సహా. నవ్వు అయిపోగానే మళ్లీ మైరావణుడు. అప్పుడు వాడు ఇంకా భయంగా కనపడేవాడు.

జాన్సన్ ఈ గేమ్‌కు కేతిగాడు. ఆ పుర్రె నోరు మూసుకుని ఉంటే ఈ పాతాళంలో అరగంట నడవలేం. ఎందుకంటే కింద ఉన్న కథ భరించలేనంత దుఃఖం. పౌలా ఒక్కసారి చావదు. దారిలో మళ్లీ మళ్లీ కనపడుతుంది, గార్సియా కళ్ల ముందే మళ్లీ మళ్లీ చస్తుంది. వాడేమో ప్రతిసారీ మొదటిసారి లాగే అరుస్తాడు. ఒకచోట ఆమే దయ్యం పట్టి వెంటపడుతుంది. పట్టుకుని ముద్దు పెడితే మన ప్రాణం పోతుంది. ఆమెను కాపాడటానికి వచ్చినవాడు ఆమెను చూసి పారిపోవాలి.

నాలుగో అంకంలో ఆట ఒక్కసారిగా అడ్డంగా మారి, కాగితం బొమ్మలు కత్తిరించి అంటించినట్టు తెర మీద ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. అది చూసినప్పుడు నాకు మా ఊరి తెల్లగుడ్డే కళ్లలో మెదిలింది.

పాతాళంలోని పెద్ద దయ్యాల పుట్టుపూర్వోత్తరాలు పిల్లల కథల పుస్తకాల్లా దారిలో దొరుకుతాయి. గార్సియా వాటిని పైకి చదువుతాడు. పెద్ద మాటలు వస్తే తడబడతాడు, జాన్సన్ అందిస్తాడు. ఆ పుస్తకాలను దాటేయకండి. కథలు క్రూరమైనవి, చదివే తీరు మాత్రం మనసుకు దగ్గరగా ఉంటుంది.

నచ్చనిదీ చెప్పాలి. పౌలాకు కథలో అంత బరువిచ్చి, తెర మీద సగం బట్టల బొమ్మలా తిప్పారు. కేతిగాడి బూతుల్లో బంగారక్క కూడా తిరిగి తిడుతుంది, వాణ్ణి చెడుగుడు ఆడిస్తుంది. పౌలాకు ఆ నోరు ఇవ్వలేదు. ఆటలో నాకు కడుపు మండేది అక్కడే, ఇప్పుడు ఆడినా మండుతుంది.

కొనే సంగతి. పాతది ప్లేస్టేషన్ 3 (పీఎస్3), ఎక్స్‌బాక్స్ 360 గేమ్ మెషీన్లకే వచ్చింది. 2024 అక్టోబర్ 31న హెల్లా రీమాస్టర్డ్ పేరుతో పీసీకి, పీఎస్4, పీఎస్5, ఎక్స్‌బాక్స్, స్విచ్‌లకు మళ్లీ విడుదల చేశారు. నేను పీసీలో ఆడాను, 9 గంటలు పట్టింది. బొమ్మ శుభ్రంగా ఉంది, కదలిక సాఫీగా ఉంది, ఆట ముగిశాక తెచ్చుకున్న బలంతోనే మళ్లీ మొదలుపెట్టే న్యూ గేమ్ ప్లస్ చేర్చారు. తుపాకి పట్టు మాత్రం ఆ కాలందే. రెసిడెంట్ ఈవిల్ 4 అనే హారర్ గేమ్ చేసిన షింజి మికామి దీనికి నిర్మాత, అందుకే భుజం వెనక కెమెరా, తీరిగ్గా గురిపెట్టడం ఉంటాయి. ఆలోచన సుదా51 అనే జపాన్ గేమ్ దర్శకుడిది, సంగీతం సైలెంట్ హిల్ అనే హారర్ గేమ్‌కు సంగీతం చేసిన అకీరా యమవోకాది. హెడ్‌ఫోన్స్ తప్పకుండా పెట్టుకోండి. మీ ఇంట్లోవాళ్ల కోసం కూడా.

మొదటిసారి అయితే తేలిక స్థాయి ఎంచుకోండి, దాని పేరు లెమన్ హంటర్. మన దగ్గర దయ్యాన్ని వదిలించడానికి పట్టుకుపోయేది కూడా నిమ్మకాయే కాబట్టి నాకు ఆ పేరు భలే నచ్చింది. దారిలో దొరికే తెల్ల రత్నాలను మందు (సారాయి) సీసాలు కొనడానికి దాచుకోండి. ఇక్కడ మందు దయ్యాలకు విషం, గార్సియాకు ప్రాణం. ఎర్ర రత్నాలను ముందు మీ ప్రాణం కొలత పెంచుకోవడానికి వాడి, తర్వాత తుపాకుల జోలికి వెళ్లండి. చీకటి గదిలో అడుగు పెట్టగానే దయ్యాల వైపు చూడొద్దు, గోడల మీద మేక తల వెతకండి.

మీ తమ్ముడికి ఇంకో నాలుగేళ్లు ఆగమని చెప్పండి. ఈలోగా చుట్టుపక్కల ఎక్కడైనా బొమ్మలాట పడితే వాణ్ణి తీసుకుపోండి, కేతిగాడు వచ్చేదాకా నిద్రపోనివ్వకండి.