ఎన్‌పీవీ 283 సరైనదా, 1,106 సరైనదా?

ప్రశ్న: అద్దెకిచ్చే యంత్రం ఒకటి మా దగ్గర ఉంది. అలాంటిదే ఇంకొకటి కొందామనుకుంటున్నాం. ఇప్పుడు 10,000 పెట్టాలి. ఖర్చులన్నీ పోను ఐదేళ్లలో వరుసగా 2,000, 2,500, 3,000, 3,000, 2,500 మిగులుతాయని మా అంచనా. మా డబ్బుకి ఏడాదికి కనీసం 8 శాతం రాబడి ఉండాలి. ఎక్సెల్‌లో లెక్క వేస్తే నికర ప్రస్తుత విలువ, అంటే ఎన్‌పీవీ (రాబోయే డబ్బుని ఈరోజు విలువకి తగ్గించి కలిపి, పెట్టుబడి తీసేస్తే మిగిలేది), 283 వచ్చింది. ఈమధ్యే పైథాన్ నేర్చుకుంటున్నాను. అదే లెక్క కోడ్‌లో చేస్తే 1,106 వచ్చింది. పాత యంత్రం మీద గత ఐదేళ్లలో మిగిలింది 1,800, 2,600, 2,900, 2,100, 2,600. వీటి స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు చుట్టూ ఒడిదుడుకుల కొలత, పైథాన్ లైబ్రరీల్లో (ముందే రాసిపెట్టిన కోడ్) ఒకటైన నంపైలో 394.97, మరొకటైన పాండాస్‌లో 441.59 అని వస్తోంది. ఏ అంకెని నమ్మాలి? యంత్రం కొనొచ్చా?

జవాబు: రెండు అంకెలు వేర్వేరుగా కనిపించగానే ఆగి అడిగారు, చాలా మంచి పని చేశారు. పెద్దగా ఉన్న అంకె చూసి సంతోషపడి డబ్బు కట్టేసినవాళ్లని నేను చూశాను. మీ అంకెల్లో 283 సరైనది. 1,106 తప్పు. అయితే పైథాన్ లెక్క తప్పలేదు, ఎక్సెల్ అలవాటు కోడ్‌లోకి వచ్చేసింది.

ఎక్సెల్‌లోని ఎన్‌పీవీ ఫంక్షన్, మీరిచ్చే మొదటి అంకె ఒక ఏడాది తర్వాత చేతికొస్తుందని అనుకుంటుంది. అందుకే అందులో రాబడులు మాత్రమే ఇచ్చి, ఈరోజు పెట్టే 10,000ని బయట తీసేయాలి. మీరు అలాగే చేశారు, 283.24 వచ్చింది. నంపై ఫైనాన్షియల్ లైబ్రరీలో అదే పేరున్న ఫంక్షన్ మాత్రం మొదటి అంకె ఈరోజుదే అనుకుంటుంది. అక్కడ కూడా మీరు రాబడులే ఇచ్చి 10,000 బయట తీసేశారు. దాంతో మొదటి ఏడాది చివర రావాల్సిన 2,000 ఈరోజే వచ్చినట్టు, మిగతావన్నీ ఒక్కో ఏడాది ముందుకు జరిగినట్టు లెక్క పడింది. రాబడుల ప్రస్తుత విలువ 10,283.24 కాస్తా 1.08 రెట్లై 11,105.90 అయింది. అందులోంచి 10,000 పోతే మీకు కనిపించిన 1,106. పైథాన్‌లో మైనస్ 10,000ని వరుసలో మొదటి అంకెగా పెట్టి చూడండి, 283.24 వస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఫంక్షన్లు ఒకప్పుడు నంపైలోనే ఉండేవి. 2021లో వచ్చిన 1.20 వెర్షన్‌లో వాటిని తీసేసి వేరే లైబ్రరీకి మార్చారు. పాత పాఠాల్లోని కోడ్ యథాతథంగా పెడితే ఎర్రర్ రావడానికి కారణం అదే.

అసలు ఈ లెక్కకి లైబ్రరీ అక్కర్లేదని నా అభిప్రాయం. మొత్తాన్ని సున్నాతో మొదలుపెట్టండి. అంకెల వరుస మీద లూప్ నడపండి, ఏడాది లెక్కింపు సున్నా నుంచి మొదలవ్వాలి. ప్రతి అంకెనీ 1.08 ఘాతం ఆ ఏడాదితో భాగించి మొత్తానికి కలపండి. అంతే, నాలుగు లైన్లు. సొంతంగా రాస్తే ఏ డబ్బు ఏ ఏడాదిలో పడుతోందో కళ్లకి కనిపిస్తుంది. తర్వాత ఆ కోడ్‌ని రెండు చిన్న పరీక్షలతో సరిచూసుకోండి. ఈరోజు మైనస్ 100, ఏడాదికి 108 ఇస్తే 8 శాతం దగ్గర జవాబు సున్నా రావాలి. మీ అసలు అంకెలే ఇచ్చి రేటు సున్నా పెడితే 13,000లోంచి 10,000 పోగా సరిగ్గా 3,000 రావాలి. మొదటి పరీక్షే చేసి ఉంటే 1,106 దగ్గర మీకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. రేటుని 0.08 అనే రాయాలి, 8 అని రాస్తే ప్రతి ఏడాదీ 9తో భాగిస్తుంది. అద్దె నెలనెలా లెక్క వేయాలనుకుంటే 8ని 12తో భాగించకండి. ఏడాదికి 8 శాతమంటే నెలకి 0.643 శాతం, 0.667 కాదు.

ఇక స్టాండర్డ్ డీవియేషన్. ఇక్కడ రెండు అంకెలూ సరైనవే, అవి జవాబు చెప్పే ప్రశ్నలు వేరు. మీ ఐదేళ్ల సగటు 2,400. ఒక్కో ఏడాది అంకె ఆ సగటు నుంచి ఎంత దూరముందో చూసి, వర్గాలు కలిపితే 7,80,000. నంపై దాన్ని 5తో భాగిస్తుంది, అంటే ఈ ఐదేళ్లే పూర్తి లోకం అనుకుంటుంది. పాండాస్ 4తో భాగిస్తుంది, అంటే ఈ ఐదేళ్లూ ఒక నమూనా మాత్రమే, వీటి వెనక మనం చూడని ఏళ్లు ఇంకా ఉన్నాయి అనుకుంటుంది. నమూనా సగటు నమూనాకే దగ్గరగా ఉంటుంది కాబట్టి, 5తో భాగిస్తే అసలు ఒడిదుడుకులు కాస్త తక్కువగా కనిపిస్తాయి. దాన్ని సరిచేయడానికే ఈ ఒకటి తగ్గించడం. మీరు జరిగిపోయినదాని కోసం కాక రాబోయే ఏళ్ల కోసం లెక్క వేస్తున్నారు, కాబట్టి 441.59 తీసుకోండి. నంపైలోనూ డీడాఫ్ (ddof) అనే ఆప్షన్‌ని 1 చేస్తే అదే వస్తుంది.

ఇంతవరకూ మీరు అడిగినదానికి జవాబు. నన్ను ఆపింది మాత్రం మీరు అడగని అంకె. కొత్త యంత్రం మీద మీ అంచనాలు కలిపితే 13,000, అంటే ఏడాదికి సగటున 2,600. పాత యంత్రం నిజంగా ఇచ్చిన సగటు 2,400. ఈ 200 తేడా ఎక్కడినుంచి వచ్చింది? కొత్తదానికి రిపేర్లు తక్కువనా? అద్దె పెంచబోతున్నారా? కారణం ఉంటే మంచిదే, దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి. లేకపోతే 2,400 పెట్టి లెక్క వేయాలి. ఐదేళ్లూ 2,400 చొప్పున వస్తే 8 శాతం దగ్గర ఎన్‌పీవీ మైనస్ 417.50. ఎక్సెల్ ఒప్పా, పైథాన్ ఒప్పా అని వెతికిన రెండు అంకెలూ లాభమే చూపించాయి. మీ సొంత ఖాతా పుస్తకం నష్టం చూపిస్తోంది.

పాత అంకెల్లో మధ్యగతం, అంటే మీడియన్, కూడా 2,600 అని మీరు అనొచ్చు. నిజమే. మామూలు ఏడాది ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మీడియన్ మంచిది. మొత్తం డబ్బు లెక్కకి మాత్రం అది పనికిరాదు. 1,800 వచ్చిన ఏడాది లోటు మీ జేబులోంచి పోయిందే, మీడియన్ దాన్ని చూడదు. ఎన్‌పీవీలోకి వెళ్లాల్సింది సగటే.

8 శాతం దగ్గర పెట్టుబడి తిరిగి రావాలంటే ఏడాదికి కనీసం 2,505 రావాలి. పాత ఐదేళ్లలో మూడేళ్లు ఆ గీత దాటాయి, రెండేళ్లు దాటలేదు. ఐదే అంకెలున్నప్పుడు సగటుని కూడా పూర్తిగా నమ్మలేం. 441.59ని 5 వర్గమూలంతో భాగిస్తే సుమారు 197 వస్తుంది, అది ఆ సగటులో ఉండే సహజమైన ఊగిసలాట. 2,400కీ 2,505కీ మధ్య దూరం అందులో సగమే. కాబట్టి పాత లెక్క చూసి ఇది కచ్చితంగా నష్టమనీ అనలేను, లాభమనీ అనలేను. మీ దగ్గర ఇంకా పాత ఏళ్ల లెక్కలుంటే ముందు వాటిని వెతికి తీయండి. కోడ్‌కి ఎంత మెరుగులు దిద్దినా అంత ఉపయోగం ఉండదు.

కోడ్ నేర్చుకున్నారు కాబట్టి, చేత్తో వేయలేని ఒక లెక్క చేయండి. రాబోయే ఐదేళ్లలో ప్రతి ఏడాదీ పాత ఐదు అంకెల్లో ఏదో ఒకటి రావచ్చు అనుకోండి. మొత్తం 3,125 కలయికలు. యాదృచ్ఛిక సంఖ్యలు కూడా అక్కర్లేదు, కంప్యూటర్ అన్నిటినీ క్షణంలో వేసేస్తుంది. ఒక్కోదానికీ ఎన్‌పీవీ కట్టి జాబితాలో పెట్టండి. వాటి సగటు సరిగ్గా మైనస్ 417.50 రావాలి, రాకపోతే కోడ్‌లో తప్పుంది. వాటి స్టాండర్డ్ డీవియేషన్ 709 దగ్గర ఉంటుంది. సున్నా దాటే కలయికలు నాలుగింట ఒక వంతు కన్నా కొంచెం ఎక్కువే. ఈ పద్ధతి ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ సంబంధం లేదనుకుంటుంది. గిరాకీ పడిపోతే రెండు మూడేళ్లు వరుసగా పడే వ్యాపారమైతే నష్టం దీనికన్నా లోతుగా ఉంటుంది. ఇలా ఒడిదుడుకుల్ని విడిగా చూస్తున్నప్పుడు, భయంతో రేటుని కూడా 12కో 15కో పెంచకండి. ఒకే రిస్కుని రెండుసార్లు తీసేసినట్టవుతుంది.

రేటు సంగతి కూడా చూడండి. మీ అంచనాలే నిజమనుకున్నా, 9 శాతం పెడితే ఎన్‌పీవీ 5.72. 10 పెడితే మైనస్ 260. అంటే అన్నీ అనుకున్నట్టు జరిగినా ఈ యంత్రం ఇచ్చేది ఏడాదికి 9 శాతం, దాని మీద నామమాత్రం. ఈ 10,000లో అప్పు ఎంతైనా ఉంటే దాని వడ్డీ ఎంతో చూసుకోండి. అది 9 దాటితే, అప్పుతో కొనే భాగం మీకు మిగిల్చేది ఏమీ లేదు. మరో తప్పు చాలామంది చేస్తారు. రాబడుల్లో ధరల పెరుగుదల కలపకుండా, రేటులో మాత్రం కలుపుతారు. మీ 8 శాతంలో ద్రవ్యోల్బణం ఉంటే, అద్దె అంచనాల్లోనూ ఉండాలి.

కొనొచ్చా అంటే, ఇప్పుడున్న అంకెలతో నేనైతే కొనమని చెప్పను. కానీ ఒక అంకె మీ ఉత్తరంలో లేదు. ఐదేళ్ల తర్వాత ఆ యంత్రాన్ని అమ్మితే ఎంత వస్తుంది? ఏడాదికి 2,400 మాత్రమే వచ్చినా, ఐదో ఏడాది చివర అమ్మకం ధర 614 వస్తే లోటు పూడిపోతుంది. అంతకన్నా ఎక్కువ వస్తే లెక్క మీవైపు తిరుగుతుంది. మీ పాత యంత్రాన్ని ఇవాళ అమ్మితే ఎంతిస్తారో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లని అడగండి. వాళ్లు చెప్పినవాటిలో తక్కువ ధరని ఐదో ఏడాది రాబడికి కలిపి, 3,125 కలయికల లెక్క మళ్లీ నడపండి. సున్నా దాటేవి సగానికి పైగా ఉంటే నాకు రాయండి, అప్పు తీసుకోవాలా సొంత డబ్బు పెట్టాలా అన్నది కలిసి చూద్దాం.