పర్యావరణం చదివితే అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. చేపల చెరువులు లీజుకు తీసుకుని సాగు చేస్తున్నాను. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం. కొల్లేరు పరిరక్షణ అంటూ సభలకు వెళుతోంది. పర్యావరణ విధానంలో ఎంఏ చేస్తానంటోంది, ఫీజు పన్నెండు లక్షలు. అది మంచిదా, లా మంచిదా, అటవీ శాఖ ఉద్యోగమా? – ఒక తండ్రి

జవాబు: మీరు మూడు దారులు రాశారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. ‘రేపు నా కూతురు నా చెరువుల మీదే అర్జీ పెడితే?’ ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఒకరికి క్వారీ ఉంటుంది, ఇంకొకరికి రొయ్యల చెరువు. పిల్లల చదువు గురించి అడుగుతారు, భయం మాత్రం ఇంటి గురించి.

ఆ భయాన్ని నేను తీసిపారేయను. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తున సాగే గీత వరకు, కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువులు తొలగించడానికి ప్రభుత్వ యంత్రాలు దిగి గట్లు తెంచినప్పుడు మీ చుట్టుపక్కల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో మీకే తెలుసు. 2008లో శాసనసభే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది. ఈ మధ్యలో జిరాయితీ పట్టాలున్న రైతు ఒకవైపు, నీరు తగ్గి ఆసరా పోయిన గూడబాతు ఇంకోవైపు. ఇంత చిక్కుముడి విప్పాలంటే చెరువు గట్టు మీద పెరిగిన మనిషి కావాలి. మేత బస్తా ఖరీదు, కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడితే ఏ ఊరు మునుగుతుందో తెలిసిన అమ్మాయి మాట్లాడితే రెండు పక్షాలూ వింటాయి. ఆమె మీకు శత్రువు కాబోదు. నా మాట నమ్మండి.

ఇక ఆ ఎంఏ. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఇరవై ఒక్క ఏళ్లకే ‘విధానం’ చదివిన పిల్లలు నా దగ్గరకు వస్తున్నారు. సుస్థిరత గురించి చక్కగా మాట్లాడతారు. ఒక జీవో చేతికిచ్చి, ఇందులో ఏ సర్వే నంబరు పోతుందో చెప్పమంటే తెల్లమొహం వేస్తారు. చివరికి పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో పచ్చటి పేజీలు నింపే ఉద్యోగాల్లో చేరుతున్నారు. అది తప్పు కాదు, కానీ మీ అమ్మాయి కలగన్నది అది కాదు. చేతిలో ఒక విద్య ఉన్నవాళ్లకు విధానం తర్వాత దానంతట అదే పట్టుబడుతుంది.

హైదరాబాద్‌కు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాల దగ్గర నూనె కర్మాగారం పెట్టబోయిన కేసు చూడండి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల వరకు కాలుష్య పరిశ్రమలపై నిషేధం ఉన్నా అనుమతి కోసం కోర్టులకెక్కారు. 1999లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎం. జగన్నాధరావు తీర్పు రాస్తూ, హాని లేదని నిరూపించే భారం కర్మాగారం పెట్టేవారిదేనని చెప్పారు. ఇలాంటి వివాదాలు తేల్చేచోట శాస్త్రవేత్తలు కూడా ఉండాలన్నారు. 2010లో చట్టమై వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో న్యాయమూర్తుల పక్కన నిపుణులు కూర్చుంటున్నారు. దక్షిణాది పీఠం చెన్నైలో ఉంది. జువాలజీ తెలిసిన న్యాయవాది అక్కడ నిలబడితే ఆ మాటకు బరువుంటుంది. అందుకే మూడేళ్ల లా వైపే నా మొగ్గు. దాంతోపాటు ఉపగ్రహ చిత్రాల మీద పటాలు గీయడం నేర్చుకోవాలి. అటవీ శాఖ గౌరవమైన ఉద్యోగమే, జువాలజీ అక్కరకొస్తుంది. పరీక్షల వివరాలు మీ అమ్మాయికి నాకన్నా బాగా తెలిసే ఉంటాయి. అయితే అక్కడ చేరాక ప్రభుత్వ నిర్ణయాన్ని బయట విమర్శించే వీలు ఉండదు. అది ఆమె ముందే ఆలోచించుకోవాలి.

ఒక మాట కటువుగా చెబుతాను. పన్నెండు లక్షలు అప్పు తేవడానికైనా సిద్ధపడుతున్నారు గానీ, కూతురితో అరగంట కూర్చోలేదని మీ ఉత్తరమే చెబుతోంది. మీ చెరువులు ఐదో కాంటూరుకు లోపలున్నాయో బయటున్నాయో నాకు రాయలేదు. ఆమెకూ చెప్పి ఉండరు. దాచింది మీరు. మరి ఆమెను ఎందుకు అనుమానిస్తున్నారు?

ఈ ఆదివారం ఆమెను చెరువు దగ్గరకు తీసుకెళ్లండి. లీజు కాగితం, ఊరి పటం వెంట పెట్టుకోండి. ఆ గీత మీ గట్టుకు ఎటువైపు పోతుందో ఆమెనే గుర్తించమనండి.