పాత ఎస్‌యూవీ కొనేముందు కిందికి దూరి చూడండి

తక్కువ తిరిగిన ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి దానంతటదే అందే) బండి కొనాలా, 1,60,000 కిలోమీటర్లు తిరిగిన ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం) మీద కట్టిన ఫోర్ బై ఫోర్ (అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే బండి) కొనాలా అని అడిగారు. రాళ్ల దారుల్లోకి, నిటారు ఎత్తుల మీదికి వెళ్తానన్నారు కాబట్టి నా ఓటు రెండోదానికే. అందులో లో రేంజ్ గేరు, అంటే బండిని చాలా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు, ఉంది. వాలు దిగేటప్పుడు బ్రేకుల మీద భారం పడనీయకుండా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మట్టి రోడ్డు చివర టెంట్ వేసుకోవడమే అయితే మొదటిది చాలు.

మీటరు అంకె చూసి టెన్షన్ పడకండి, తుప్పుకు భయపడండి. టార్చి పట్టుకుని కిందికి దూరి ఛాసిస్‌ను (బండి అడుగు చట్రాన్ని) చిన్న సుత్తితో తట్టుకుంటూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట శబ్దం మొద్దుగా వస్తుంది, పొరలు రాలతాయి. ఇలా చూడకుండా నేను కొన్న మొదటి బండికి, వెనక స్ప్రింగు బిగించే చోట కొత్తగా పూసిన నల్ల రంగు కింద వేలు దూరేంత రంధ్రం ఉంది. అప్పటినుంచి అడుగున తాజా రంగు కనిపిస్తే నాకు అనుమానమే.

డిఫరెన్షియల్ (ఇరుసు మీద ఉండే, చక్రాలకు శక్తిని పంచే గేర్ల డబ్బా) ఆయిల్ పాలలా తెల్లబారితే లోపలికి నీళ్లు వెళ్లినట్టే. లో రేంజ్ వేసి మట్టి నేల మీదే నడిపి చూడండి, తారు రోడ్డు మీద వద్దు. వెనక సీట్లు మడిచి ఓసారి పడుకోండి కూడా, కాళ్లు చాపుకునే చోటుందో లేదో తెలుస్తుంది.