ఆ రాకుమారి సంగతి సరే, మాట ఇచ్చిందెవరు?

"మాది కావలి. మా ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. అమ్మాయికి 19 ఏళ్లు, రోజూ రైల్లో నెల్లూరు పోయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆరేళ్ల కిందట రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు వచ్చి గుంటలు పోతే, ఒంగోలులో ఉండే ఆయన అక్క ఆరు లక్షలిచ్చి ఆదుకుంది. అమ్మాయిని ఆమె కొడుక్కే ఇస్తానని అప్పుడే ఈయన మాటిచ్చారు. ఇప్పుడు అమ్మాయి ససేమిరా అంటోంది. మొన్న 'బ్రేవ్' అనే బొమ్మల సినిమా చూపించి, 'మెరిడాను నేను, ఆ రాణివి నువ్వు' అంది. నాకైతే ఆ రాకుమారి ఒట్టి స్వార్థపరురాలనిపించింది. మాటా మాటా పెరిగి స్కూటీ తాళం లాక్కున్నాను. 'నువ్వసలు అమ్మవేనా' అనేసింది. ఆ పిల్లది స్వార్థమో, అందరూ అపార్థం చేసుకున్నారో మీరు రాస్తే మా అమ్మాయికి చూపిస్తాను."

అమ్మా,

మీరడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పేస్తాను. తనను పెళ్లాడేదెవరో తేల్చడానికి పెట్టిన విలువిద్య పోటీలో రాకుమారి మెరిడా తానే విల్లు పట్టుకుని మూడు లక్ష్యాలనూ కొట్టడం స్వార్థం కాదు. పోటీ పెద్దబిడ్డలకన్నారు, తానూ పెద్దబిడ్డే. తల్లి అయిన రాణి మనసు మార్చాలని, మంత్రం వేసిన కేకును ఏమవుతుందో తెలియకుండానే ఆమెకు పెట్టడం, ఆమె ఎలుగుబంటిగా మారాక తప్పంతా మంత్రగత్తెదేననడం మాత్రం స్వార్థమే. రెండూ ఒకే పిల్లలో ఉన్నాయి. ఈ తీర్పు మీ అమ్మాయికి చూపించకండి. దానితో మీ ఇంట్లో తేలేదేమీ లేదు.

ఉత్తరమంతా చదివినా నాకు మీ ఆయన గొంతు వినిపించలేదు. డబ్బు తీసుకున్నది ఆయన, అక్కకు మాటిచ్చింది ఆయన. కూతుర్ని ఒప్పించే పని, ఆమె చేత తిట్లు తినే పని మీకొచ్చాయి. మీ గొడవ కూతురితో కాదమ్మా, ఆయనతో.

ఆ సినిమాలో కూతురికి విల్లు కానుకగా ఇచ్చింది తండ్రి. ఎలా నడవాలి, ఎలా తినాలి అని నేర్పే చాకిరీ తల్లిది. ఒక ఘట్టంలో రాణి కూతురికి చెప్పాల్సిందంతా భర్త ముందు చెప్పుకుంటుంది, ఆయన కూతురి గొంతు అనుకరిస్తూ వేళాకోళం చేస్తాడు. అదే సమయంలో కూతురు తన మాటలు గుర్రంతో చెప్పుకుంటుంది. వాళ్లిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలని ఆ తండ్రికి తోచదు. మీ ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఒక్క ఘట్టం చూడండి.

ముందు స్కూటీ తాళం. కోపంలో విల్లును మంటలో వేసిన రాణి, మరుక్షణమే బాధపడి బయటికి తీస్తుంది. కానీ అప్పటికే కూతురు వెళ్లిపోయింది, ఆ బాధ ఆమె చూడలేదు. అందుకని తాళాన్ని టేబుల్ మీద పెట్టి ఊరుకోకండి. రైలుకు బయల్దేరేటప్పుడు చేతికిచ్చి, లాక్కోవడం తప్పని చెప్పండి. పెళ్లి మాట ఆ పూట ఎత్తొద్దు. ఆమె మిమ్మల్నన్న మాటకు ఆమె క్షమాపణ చెప్పాలి, అది మీరు అడిగి పుచ్చుకునేది కాదు.

తర్వాత ఆయనే అమ్మాయితో కూర్చోవాలి, మీరు లేకుండా. "నీకు చెప్పకుండా నీ గురించి మాటిచ్చాను" అని ఆయన నోటితో ఒప్పుకోవాలి. ఆపైన ఆమె చెప్పేది వినాలి. మధ్యలో మిమ్మల్ని పిలిస్తే వెళ్లకండి. మీరు వెళ్లారంటే ఆయన తప్పుకుంటారు, మళ్లీ మీరే రాణి అవుతారు.

ఆ అబ్బాయిని ఎవరైనా అడిగారా? సినిమాలో పోటీకొచ్చిన కుర్రాళ్లు కూడా తమ పెళ్లి తామే తేల్చుకుంటామంటారు, పెద్దలే నివ్వెరపోతారు. మేనమామగా మీ ఆయన అతనికి విడిగా ఫోన్ చేసి అడగాలి.

ఇక అసలు ముడి ఆరు లక్షలు. నెలకు నూటికి రూపాయి చొప్పున ఏడాదికి 72 వేలు, ఆరేళ్లకు 4 లక్షల 32 వేల వడ్డీ. మీ ఆడపడుచు అడగని ఆ వడ్డీకి బదులు మీ పిల్ల నిలబడి ఉంది. ఇది నేను ఒప్పుకోలేను. కష్టంలో ఆదుకున్న ఆడపడుచు రుణం తీర్చాల్సిందే, కానీ డబ్బును డబ్బుతోనే తీర్చాలి. రాత లేని చేబదులుకు ఈపాటికి కాలదోషం పట్టి ఉంటుంది, అంటే కోర్టుకెళ్లి వసూలు చేసుకునే గడువు దాటి ఉంటుంది. అయినా తీసుకున్న మనిషే సంతకం పెట్టి రాసిస్తే చట్టంలో మళ్లీ నిలుస్తుంది. రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ఆయన ప్రోనోటు రాసివ్వాలి. దానికి మూడేళ్ల గడువు. ఆలోపు కట్టిన సొమ్మును నోటు వెనక చెల్లు వేసి, అంటే కట్టినట్టు రాసి, సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. వనామీ రొయ్య ఏడాదికి రెండు పంటలు తీస్తే, పంటకు లక్ష చొప్పున మూడేళ్లలో అసలు తీరుతుంది. పంట దెబ్బతిన్నప్పుడు పది వేలైనా కట్టి చెల్లు వేయండి. కట్టడం ఆపితే పెళ్లి మాట మళ్లీ లేస్తుంది. వడ్డీ వద్దంటే అది ఆమె పెద్దమనసు, లెక్క మాత్రం మీరు ముందు పెట్టండి.

మేనరికం వల్ల పిల్లలకు జబ్బులొస్తాయనే సాకు వాడకండి. పుట్టుకతో లోపాలు మామూలుగా నూటికి రెండు మూడు కాన్పుల్లో కనిపిస్తే, మేనరికంలో దాదాపు రెట్టింపు. మాట నిజమే. కానీ అదే కారణమని చెబితే వాళ్లు పరీక్షలు చేయించుకుని రిపోర్టులు తెస్తారు, అప్పుడు మీ దగ్గర జవాబుండదు. అమ్మాయికి ఇష్టం లేదు. కారణం అదొక్కటే, అదే చెప్పండి.

ఒంగోలుకు ఆయన ఒక్కరే వెళ్లాలి. నలుగురూ చేరే పండగ పూటో, ఇంకెవరింటి శుభకార్యంలోనో ఈ మాట తేవద్దు. ప్రోనోటు వెంట తీసుకెళ్లి, ముందు మాట తప్పినందుకు క్షమాపణ అడిగి, తర్వాత లెక్క విప్పాలి. అక్క నాలుగు మాటలంటుంది, పడాలి. ఆ రాత్రి ఆమె మీకు ఫోన్ చేసి నిలదీస్తుంది కూడా. సంజాయిషీ ఇవ్వకండి. "మీ తమ్ముడితోనే మాట్లాడండి వదినా" అని ఫోన్ ఆయన చేతికివ్వండి.