సామ్ డార్నాల్డ్ ఓవర్‌రేటెడా, లేక జట్లే అతన్ని ముంచాయా?

డార్నాల్డ్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపించేవాడు. నా లెక్కలో తప్పు ఎక్కువగా జట్లదే, కానీ మొత్తం కాదు.

జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2018లో న్యూయార్క్ జెట్స్ అతన్ని మూడో పిక్‌గా తీసుకుంది. ఏడాది తిరిగేసరికి హెడ్ కోచ్ మారాడు. ముందు నిలబడి కాపాడాల్సిన అఫెన్సివ్ లైన్ బలహీనం, బంతి అందుకునేవాళ్లూ అంతంతమాత్రమే. 2019లో పేట్రియట్స్ చేతిలో 33-0తో ఓడిన రాత్రి అతను 4 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే అతను విసిరిన బంతిని నాలుగుసార్లు అవతలి జట్టే పట్టేసింది. సైడ్‌లైన్ దగ్గర "నాకు దయ్యాలు కనిపిస్తున్నాయి" అన్న అతని మాట మైక్‌లో దొరికిపోయింది. జనం నవ్వుకున్నారు గానీ, అది చాలా నిజాయితీ గల మాట. పదే పదే దెబ్బలు తిన్న క్వార్టర్‌బ్యాక్‌కి ఎవరూ మీదికి రాకపోయినా వస్తున్నట్టే ఉంటుంది. కాళ్లు కుదురుగా ఉండవు, బంతి తొందరపడి వదిలేస్తాడు. జెట్స్‌లో స్టార్ట్ చేసిన 38 మ్యాచ్‌ల్లో గెలిచింది 13. తర్వాత కరోలినా జట్టులోనూ పరిస్థితి పెద్దగా మారలేదు.

2024లో మిన్నెసోటా వైకింగ్స్‌కి వెళ్లాక అదే మనిషి పాస్‌లతో 4,319 గజాలు సాధించాడు, 35 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చే) పాస్‌లు వేశాడు. జట్టు 14 గెలిచి, 3 ఓడింది. కోచ్ కెవిన్ ఓకానెల్ పథకాలు, బంతి అందుకోవడానికి జస్టిన్ జెఫర్సన్ లాంటి రిసీవర్. చేతిలో సత్తా లేకపోతే ఇవేవీ ఆదుకోవు.

అయితే అదే సీజన్ ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ)లో ర్యామ్స్ జట్టువాళ్లు అతన్ని 9 సార్లు శాక్ చేశారు, అంటే బంతి విసిరేలోపే పడగొట్టారు. లైన్ తప్పు ఉంది, నిజమే. కానీ కొన్నిసార్లు బంతి వదలకుండా మరీ ఎక్కువసేపు పట్టుకున్నది అతనే. ఆ బలహీనత మాత్రం ఏ కోచ్ ఖాతాలోనూ వేయలేం.