ఎపిడిడిమైటిస్ (వృషణం వెనకుండే శుక్రకణాల గొట్టానికి వచ్చే వాపు) తగ్గిపోయాక కూడా శుక్రకణాల కౌంట్ తక్కువ ఎందుకొస్తుంది?

"యాంటీబయాటిక్ కోర్సు పూర్తయింది, మూత్రం కల్చర్‌లో ఏమీ లేదన్నారు, అయినా వీర్య పరీక్షలో కౌంట్ సగానికి పడిపోయింది. ఇన్ఫెక్షన్ ఇంకా లోపల దాక్కుందా?" అని అడిగారు. లేదనే నా పందెం. ఇది అనుభవించినవాడిగా చెబుతున్నా, బ్యాక్టీరియా చేసిన నష్టం కంటే దాన్ని తరిమే హడావిడిలో ఒళ్ళు తనకు తాను చేసుకున్న నష్టమే ఎక్కువ. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు.

నాకు 38వ ఏట వచ్చింది. రెండు రోజులు మూత్రంలో మంట, పట్టించుకోలేదు. మూడో రోజు రాత్రి ఎడమ వృషణం వెనక సలుపు మొదలైంది. తెల్లారేసరికి అటువైపు రెండింతలు వాచి, ఎర్రబడి, బట్ట తగిలినా ప్రాణం పోయేలా ఉంది. ఇంట్లో నడుం పట్టేసిందని చెప్పాను. కాళ్ళు ఎడంగా పెట్టి నడిచేవాడికి నడుం నొప్పంటే ఎవరు నమ్ముతారు? మా ఆవిడ నమ్మినట్టు ఊరుకుంది. సాయంత్రం చలిజ్వరం వచ్చి పళ్ళు టకటకలాడితే గానీ నేను కదల్లేదు.

డాక్టరు గారు ముందు స్కానింగ్‌కి పంపారు, వృషణం మెలిపడిందేమోనని. మెలిపడితే ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తేనే దక్కే అవకాశం బాగుంటుందట. నేను సిగ్గుతో దాదాపు ఒక రోజు పోగొట్టాను! రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ తెర మీద ఎడమవైపు ఎర్రరంగు, నీలం రంగు ఎగజిమ్ముతుంటే నా పని అయిపోయిందనుకున్నాను. స్కాన్ చేసేవాడు మాత్రం "రక్తం జోరుగా పారుతోంది, మెలి కాదు" అన్నాడు. ఆ రంగులు బ్యాక్టీరియావి కావు. దాని కోసం పరుగెత్తుకొచ్చిన నా సొంత రక్తానివి.

తర్వాత డాక్టరు గారు మందుల చీటీ వెనక బొమ్మ గీశారు. గుండ్రంగా వృషణం, దాన్ని అంటుకుని చిక్కుపడ్డ దారపు ముద్ద, అదే ఎపిడిడిమిస్. విప్పితే దాదాపు 6 మీటర్లు, అంతా ఒకటే గొట్టం. అడుగున తోక దగ్గర పెన్నుతో గుచ్చి, "ఈ.కోలై బ్యాక్టీరియా మూత్రనాళం నుంచి వీర్యవాహిక గుండా ఎదురెక్కి ముందు తగిలేది ఇక్కడే" అన్నారు. అంత సన్నని గొట్టం చుట్టూ తెల్లకణాలు ముసిరి, వాపు తగ్గాక అక్కడ మచ్చ కట్టిందనుకోండి, ఒక్కచోట మూసుకున్నా పక్కదారి లేదు. ప్రయోగశాల ఎలుకల్లో యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపేశాక కూడా తోక భాగంలో ఈ మచ్చ మిగిలింది.

అసలు అక్కడ ఒళ్ళు అంత కంగారు పడటానికి కారణముంది. శుక్రకణాలు పుట్టేది యుక్తవయసులో. అప్పటికి ఎవరు మనవాళ్ళో, ఎవరు కాదో రోగనిరోధక వ్యవస్థ నేర్చేసుకుని ఉంటుంది. ఆలస్యంగా దిగిన వీళ్ళు దాని కంటికి పరాయివాళ్ళే. అందుకే వృషణంలో శుక్రకణాలను సాకే సెర్టోలీ కణాలు గట్టిగా అతుక్కుని గోడ కడతాయి. ఎపిడిడిమిస్‌లో ఆ కట్టుదిట్టం అంత లేదు. వాపులో గోడ దెబ్బతింటే కొందరిలో శుక్రకణాల మీదే యాంటీబాడీలు తయారై, ఆ శుక్రకణాలు ఒకదానికొకటి అంటుకుని ఈదలేక ఆగిపోతాయి. నాకు ఆ గొడవ రాలేదు.

వచ్చింది ఇంకోటి. నా రిపోర్టులో "చీము కణాలు ఎక్కువ" అని రాసి ఉంటే, వేరే డాక్టరొకాయన కారణం అడక్కుండా మళ్ళీ కోర్సు రాశాడు. నా కడుపు పాడైంది, అంతే. సూక్ష్మదర్శినిలో గుండ్రంగా కనిపించిందల్లా చీము కణం (అంటే తెల్లకణం) కాదండీ. ఎదగని శుక్రకణాలూ గుండ్రంగానే ఉంటాయి. తేల్చడానికి పెరాక్సిడేజ్ రంగు పరీక్ష ఉంది. మిల్లీలీటరుకు 10 లక్షల తెల్లకణాలు దాటితేనే ఎక్కువ కింద లెక్క. ఈ ముక్క చెప్పేవాళ్ళు ఎందుకుండరో!

మీ పరీక్ష ఎప్పుడు చేయించారో రాయలేదు. శుక్రకణం తయారవడానికే సుమారు 74 రోజులు, ఆపైన ఆ గొట్టంలో ప్రయాణం. నేను నెల తిరక్కుండా చేయించుకుని, 90 లక్షలని చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. అది జ్వరంలో తయారైన సరుకు. ఆరో నెలలో 3 కోట్లు దాటింది. మూడు నెలలు ఆగి మళ్ళీ చేయించండి. వయసు 35 లోపైతే లైంగికంగా సోకే క్లమిడియా, గనేరియా పరీక్షలు కూడా అడగండి. అవి తేలితే మీ భాగస్వామికీ మందు పడాలి.

నాకు ఎడమవైపు వెనక బఠాణీ గింజంత గట్టిదనం ఇప్పటికీ చేతికి తగులుతుంది. మా ఆవిడ మాత్రం "నడుం నొప్పి ఎలా ఉంది?" అని అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంటుంది.